నళబణ పిట్ట కాలికి కట్టిన కబురు



శివరాత్రి వెళ్లింది. శివశివా అంటూ చలి కూడా వెళ్లింది. మనం దుప్పట్లు మడిచి అటక మీద పెట్టుకునే ఈ రోజుల్లోనే, మన ఊరికి గంట పైచిలుకు దూరంలో ఉన్న చిలికాలో లక్షల పక్షులు తిరుగు ప్రయాణం కడతాయి. మాఘం చివర మొదలయ్యే ఈ ప్రయాణం ఉగాది నాటికి దాదాపు ముగుస్తుంది. అవి వెళ్లేలోగా కొన్నింటిని పట్టి, కాలికి చిన్న కడియం తొడిగి, తిరిగి వదిలేసే పని ఒకటి ఉంది. ఇంగ్లీషులో దాన్ని రింగింగ్ అంటారు. ఈసారి దాని గురించి, దాని వెనక ఉన్న మన గంజాం చరిత్ర గురించి రాద్దామనుకున్నాం. కాస్త పొడుగే అయింది. తీరిక చూసుకుని చదవండి.

ముందు చోటు సంగతి. చిలికా మధ్యలో నళబణ అనే దీవి ఉంది. ఒడియాలో నళ అంటే రెల్లు జాతి గడ్డి, మనం కిక్కస అంటాం. బణ అంటే వనం. పేరుకు దీవే గానీ వానాకాలంలో అది కనపడదు, నీళ్ల కింద ఉంటుంది. చలికాలంలో నీరు తగ్గేకొద్దీ బురద నేలగా పైకి తేలుతుంది. మోకాలి లోతు నీరు, మెత్తటి బురద, అందులో పురుగులు, నత్తలు, గడ్డి దుంపలు. నీటి పిట్టకు అంతకన్నా ఏం కావాలి? సుమారు 15 చదరపు కిలోమీటర్ల ఈ నేలను 1987లో అభయారణ్యంగా ప్రకటించారు. దాని మీద మనం కాలు పెట్టకూడదు. పడవలో దూరం నుంచే చూడాలి. చిలికా మొత్తం మీద ప్రతి జనవరిలో పక్షుల లెక్క తీస్తారు. 2023, 2024 సంవత్సరాల్లో ఆ లెక్క 11 లక్షలు దాటింది. అందులో పెద్ద వాటా ఈ ఒక్క దీవిదే.

ఇంత దగ్గర్లో ఇంత సంపద ఉన్నా, మన బరంపురం తెలుగువాళ్లకు చిలికా అంటే రంభలో పడవ షికారు, సాతపడాలో డాల్ఫిన్లు, తిరుగు దారిలో పీతల కూర. అది తప్పని అనడం లేదు. కానీ ఈ దేశంలో పక్షుల చదువు ఎలా పెరిగిందో చెప్పే కథలో మన జిల్లాకు ఒక పేజీ ఉంది. ఆ పేజీలో తెలుగు మాటలూ ఉన్నాయి. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఆ కథ మలుపు తిరిగిన ప్రతిసారీ దాని వెనక ఒక జ్వరం ఉంది.

మొదటి జ్వరం 1815లో వచ్చింది. అప్పటి జిల్లా కేంద్రం రుషికుల్య ఒడ్డున ఉన్న గంజాం పట్నం. ఇప్పుడు రైల్లో వెళ్తూ ఛత్రపురం తర్వాత కిటికీలోంచి చూసి వదిలేసే ఆ చిన్న ఊరు, ఆ రోజుల్లో కోట, రేవు, దొరల మేడలు ఉన్న పెద్ద పట్నం. విషజ్వరం సోకి జనం పిట్టల్లా రాలిపోయారు. కంపెనీ వాళ్లు కచేరీలనూ పటాలాన్నీ అక్కణ్ణించి ఎత్తేశారు. గంజాం పట్నం పాడుబడింది, బరంపురం, ఛత్రపురం పెరిగాయి. మన తాతముత్తాతలు ఉద్యోగాలకూ వ్యాపారాలకూ ఈ ఊరు చేరుకోవడం వెనక ఆ జ్వరం పాత్ర కూడా ఉందన్నమాట.

రెండోది 1836 నాటిది. గుంసూరు కొండల్లో తిరుగుబాటు అణచడానికి మద్రాసు నుంచి కంపెనీ పటాలాలు వచ్చాయి. వాటిని జ్వరం, రక్తవిరేచనాలు పీడించాయి. వైద్యం చేయడానికి పంపినవాళ్లలో అప్పుడే ఇంగ్లండు నుంచి మద్రాసులో దిగిన ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు. పేరు థామస్ కావర్‌హిల్ జెర్డన్. ఆయన వచ్చింది రోగుల కోసం. తీరిక దొరికినప్పుడు చూసింది పిట్టల్ని. తూర్పు కనుమల పక్షుల మీద ఆయన రాతలు ఇక్కడే, మన గంజాంలోనే మొదలయ్యాయి. మరుసటి ఏడు వేరే పటాలానికి బదిలీ అయి దక్షిణానికి వెళ్లిపోయాడు. తర్వాత నెల్లూరులో కూడా పనిచేశాడు. 1839 నుంచి దక్షిణాది పక్షుల జాబితాను మద్రాసు పత్రికలో వరసగా అచ్చు వేయించాడు. 1862 - 64 మధ్య భారతదేశ పక్షుల మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. తర్వాతి వాళ్లందరికీ అదే పెద్ద బాలశిక్ష అయింది.

జెర్డన్ గురించి ఒక ముచ్చట ఉంది. తాను సేకరించిన పక్షుల చర్మాలను గుర్తించి చెప్పమని స్కాట్లండులోని విలియం జార్డిన్ అనే పండితుడికి పంపాడట. ఓడలో నెలల తరబడి ప్రయాణించి చేరేసరికి వాటికి పురుగు పట్టేసింది. ఆ దెబ్బతో దూరపు పండితుల మీద ఆశ వదులుకుని, తన గుర్తింపునే నమ్ముకున్నాడు.

అయితే కొత్తగా వచ్చిన దొరకు ఏ పిట్ట ఎక్కడ దొరుకుతుందో, ఏ కాలంలో వస్తుందో ఎలా తెలుస్తుంది? ఇక్కడి వేటగాళ్లూ, చెరువుల మీద బతికేవాళ్లూ చెబితేనే తెలుస్తుంది. అందుకే ఆయన గ్రంథంలో లాటిన్ పేరు కిందనే హిందుస్తానీ, బెంగాలీ, తమిళ పేర్లతో పాటు తెలుగు పేర్లూ ఉంటాయి. చేపను పట్టి ఎత్తుకుపోయే డేగ జాతి పక్షికి తెలుగు పేరు కొరమీను గద్ద అని రాశాడు. ఈల వేసినట్టు అరిచే గోధుమరంగు బాతును ఎర్ర చిలువ అన్నాడు. ఆ పేర్లు పెట్టింది ఆయన కాదు. ఎవరో పేరు లేని తెలుగువాడు నీటి ఒడ్డున నిలబడి చెప్పాడు, ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. చెప్పినవాడి పేరు పుస్తకంలో లేదు. చెప్పిన మాట మాత్రం మిగిలింది.

ఆ మాట విలువ ఎంతో తెలియాలంటే కలివికోడి కథ వినాలి. 1848 ప్రాంతంలో కడప, నెల్లూరు కొండల వైపు జెర్డన్ ఒక అరుదైన పిట్టను లోకానికి చూపించాడు. ఇంగ్లీషులో దానికి ఆయన పేరే పెట్టారు. స్థానికులు దాన్ని అడవి ఊటతిత్తి అంటారని కూడా రాసి ఉంది. 1900 తర్వాత ఆ పిట్ట ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనుకున్నారు. 86 ఏళ్ల తర్వాత, 1986 జనవరిలో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లాలో వెతుకుతుండగా, ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో ఆ పక్షిని పట్టి తెచ్చాడు. శాస్త్రం పోయిందనుకున్న పిట్ట ఊరి మనిషి చేతికి దొరికింది. ఈసారి మాత్రం ఆ మనిషి పేరు చరిత్రలో నిలబడింది.

ఇక కడియం సంగతికి వద్దాం. పక్షి కాలికి నంబరు వేసిన అల్యూమినియం కడియం తొడిగి చదువు మొదలుపెట్టినవాడు డెన్మార్కులో ఒక బడిపంతులు, హాన్స్ క్రిస్టియన్ మార్టెన్‌సెన్. అది 1899. మన దేశంలో 1926లో ధార్ మహారాజు బాతులకు కడియాలు వేయించాడు. 1883లో పుట్టిన బాంబే సొసైటీ ఆ పనికి పెద్దదిక్కుగా నిలిచింది. కానీ డబ్బు లేదు, మనుషులు లేరు, పని నత్తనడక నడిచింది. అది పరుగందుకోవడానికి మళ్లీ ఒక జ్వరం రావలసి వచ్చింది.

అదే మూడో జ్వరం. 1957లో మైసూరు రాష్ట్రం శివమొగ్గ జిల్లాలో క్యాసనూరు అనే అడవిలో కోతులు చచ్చిపడ్డాయి, తర్వాత మనుషులకు జ్వరం సోకింది. ఆ వైరస్ రష్యాలో గోమార్ల ద్వారా వ్యాపించే ఒక మెదడు జ్వరం వైరస్‌కు దగ్గరగా ఉందని తేలింది. సైబీరియా నుంచి వచ్చే పక్షులు ఆ గోమార్లను మోసుకొచ్చాయేమో అన్న అనుమానం పుట్టింది. ఏ పక్షి ఎక్కణ్ణించి వస్తుందో తేల్చాలి. అలా ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో 1959లో సాలిం అలీ నాయకత్వంలో బాంబే సొసైటీ పెద్ద ఎత్తున కడియాల పని మొదలుపెట్టింది. జబ్బు సంగతి అలా ఉంచితే, మన చెరువుల్లో చలికాలం గడిపే బాతులు ఏ దేశంలో గుడ్లు పెడతాయో ఆధారంతో తెలియడం ఆ పనితోనే పుంజుకుంది.

తెలుగు నేల మీద కూడా ఈ చదువుకు మనుషులున్నారు. విశాఖపట్నానికి చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు తూర్పు కనుమల పక్షుల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. అమెరికా పండితులు డిలన్ రిప్లే, బ్రూస్ బీలర్‌లతో కలిసి విశాఖ కనుమల పక్షుల మీద ఆయన రాసిన వ్యాసం 1987 - 88లో బాంబే సొసైటీ పత్రికలో వచ్చింది. 150 ఏళ్ల ముందు జెర్డన్ మన గంజాం వైపు నుంచి చూడడం మొదలుపెట్టిన ఆ కొండల వరసనే, దక్షిణం వైపు నుంచి ఒక తెలుగాయన చూశాడు.

నాలుగో జ్వరం మనందరికీ గుర్తున్నదే, బర్డ్ ఫ్లూ. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సులో వేల పక్షులు చచ్చిపోయాయి. వాటిలో ఎక్కువ భాగం తల వెనక రెండు నల్ల పట్టీలుండే బూడిదరంగు పెద్ద బాతులు. ఇంగ్లీషులో బార్ హెడెడ్ గూస్ అంటారు. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ కోళ్లకు ఆ జబ్బు వచ్చింది. బరంపురం బజార్లో కూడా కోడిమాంసం అడిగేవాడు లేని రోజులవి. ఈ పట్టీల బాతులు చలికాలంలో దిగే చోట్లలో మన చిలికా ఒకటి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అమెరికా శాస్త్రవేత్తలు, బాంబే సొసైటీ కలిసి 2008 చలికాలంలో చిలికాలో వీటిని పట్టి, వీపు మీద ఉపగ్రహానికి సంకేతాలు పంపే చిన్న యంత్రాలు కట్టారు. బాంబే సొసైటీ తరఫున చిలికా పక్షుల పనిలో ముందున్న పేరు ఎస్. బాలచంద్రన్ గారిది.

చిలికాలోనూ, తమిళనాడులోని కూంతంకుళంలోనూ, ఇంకొన్ని దేశాల్లోనూ కట్టిన ఆ యంత్రాలు చెప్పిన సంగతులు 2011 నుంచి వెలువడ్డాయి. హిమాలయాల పాదాల నుంచి అవతలి వైపుకు ఈ బాతులు ఏడెనిమిది గంటల్లో ఎక్కేస్తాయి. గాలి తోడ్పాటు కోసం చూడవు. పగలు కాకుండా రాత్రివేళ, తెల్లవారుజామున ఎగురుతాయి, ఎందుకంటే అప్పుడు గాలి చల్లగా, దట్టంగా ఉండి రెక్కకు పట్టు దొరుకుతుంది. ఒక బాతు 7,290 మీటర్ల ఎత్తున నమోదైంది. సముద్ర మట్టాన ఉన్న చిలికా బురదలో గడ్డి మేసిన పిట్ట ఎవరెస్టు దారి పట్టడమంటే మాటలా! జబ్బు భయంతో మొదలైన పని చివరికి అలాంటి సంగతి చెప్పింది.

ఇప్పుడు నళబణలో అలాంటి రోజు ఎలా గడుస్తుందో చెప్పుకుందాం. పని చీకటి పడ్డాక మొదలవుతుంది. వెన్నెల రాత్రి పక్షికి వల కనపడుతుంది కాబట్టి అమావాస్య దగ్గరి రోజులు ఎంచుకుంటారు. మన చేపల వలలాంటిది కాదు, జుట్టంత సన్నటి దారంతో అల్లిన నల్ల వల. గడకర్రలకు కట్టి నీటి మీద నిలబెడతారు. ఎగిరివచ్చిన పిట్ట అందులోని జేబులాంటి మడతలో పడుతుంది. వెంట వెంటనే వెళ్లి చూడాలి, ఆలస్యమైతే పిట్ట నీటికి తగిలి తడిసిపోతుంది. బాతుల్లాంటి పెద్దవాటికి ఉచ్చులు పన్నుతారు. ఈ విద్యలో బాంబే సొసైటీకి గురువులు బిహార్ మీర్‌షికార్లు, తరతరాలుగా పిట్టలు పట్టి బతికినవాళ్లు.

పట్టిన పిట్టను గుడ్డసంచిలో పెట్టి ఒడ్డుకు తెస్తారు. చీకట్లో ఉంటే అది బెదరదు. తెల్లవారాక ఒక్కొక్కదాన్నే తీసి జాతి, వయసు చూస్తారు. రెక్క, ముక్కు, కాలు కొలుస్తారు. పాత ఈకలు రాలి కొత్తవి ఎంతవరకు వచ్చాయో చూస్తారు. తూకం వేస్తారు. వసంతంలో ఈ తూకానికి ప్రత్యేకమైన విలువ ఉంది. వేల కిలోమీటర్లు ఎగరాల్సిన పిట్ట ఈ నెలల్లో మేసి మేసి కొవ్వు పెంచుకుంటుంది. ఆ కొవ్వే దాని దారిబత్తెం. చిలికాలో మేత సరిగ్గా దొరికిందా లేదా అన్నది ఆ తూకంలో తెలిసిపోతుంది. చివరికి కాలి లావుకు సరిపడే కడియం ఎంచి, పట్టకారుతో నొక్కి మూసి, నంబరు పుస్తకంలో ఎక్కించి వదిలేస్తారు. పిట్ట నీటి మీదకు ఎగిరిపోతుంది.

ఆ కడియం మీద నంబరుతో పాటు ఒక మాట చెక్కి ఉంటుంది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయండి అని దాని అర్థం. ఈ ఒక్క మాట దగ్గర మనం కాస్త ఆగాలి. ఎవరికి చెబుతున్నారు ఆ మాట? శాస్త్రవేత్తకు కాదు. ఆ పిట్ట ఏ దేశంలో ఏ చెరువు ఒడ్డున చచ్చిపడినా, ఏ వలలో చిక్కినా, ముందుగా చూసేది ఒక పల్లెకారో, రైతో, పశువుల కాపరో. అతను కడియం చూసి, ఇదేదో ఉత్తరం లాంటిదని గ్రహించి, ఎవరికైనా చెబితేనే లెక్క పూర్తవుతుంది. వేసిన కడియాల్లో కబురు తిరిగొచ్చేవి బహు కొద్ది. మిగతావి ఎక్కడో మట్టిలో కలిసిపోతాయి.

చిలికాలో అలాంటి కళ్లు మనవాళ్లవి కూడా ఉన్నాయి. గోపాల్‌పూర్ నుంచి పూరీ దాకా సముద్రం మీద బతికే తెలుగు పల్లెకారుల్ని ఒడియాలో నోళియాలంటారు. చిలికా ముఖద్వారం దగ్గర కూడా వాళ్లున్నారు. రామచిలుకకూ పాలపిట్టకూ తేడా తెలియని పట్నం పిల్లలున్న మన వీధుల్లో, నీటి పిట్ట ఎక్కడ దిగిందో చూసి చేప ఎక్కడుందో చెప్పగలిగేది వాళ్లే. వాళ్ల ఇళ్లలో ఏ పిట్టను ఏమంటారో మన సంఘం ఇన్నేళ్లలో ఎప్పుడైనా అడిగి రాసుకుందా? పండగ సభలకు, సన్మానాలకు దొరికిన తీరిక దీనికీ దొరకాలి.

పిట్టలు పట్టే చేయే పిట్టల్ని కాపాడగలదనడానికి చిలికాలోనే రుజువుంది. ఉత్తరం ఒడ్డున మంగళాజోడి అనే ఊరు ఉంది. ఒకప్పుడు అక్కడ బాతుల్ని వేటాడి, గుడ్లు ఏరి అమ్ముకునేవారు. 2000 ప్రాంతంలో ఆ ఊరివాళ్లే పక్షుల రక్షణ సమితి పెట్టుకున్నారు. వేటగాళ్లే కావలివాళ్లయ్యారు, పడవ నడిపి యాత్రికులకు పిట్టల్ని చూపించి బతుకుతున్నారు. పిట్ట అలవాట్లు వాళ్లకు తెలిసినంతగా ఏ పుస్తకానికి తెలుసు?

చిలికా కథ కూడా అలాగే ఒకసారి అంచుదాకా వెళ్లి వచ్చింది. 1981లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు పొందిన మొదటి భారతీయ చిత్తడి నేలల్లో అది ఒకటి. తర్వాత ముఖద్వారం ఇసుకతో పూడుకుని, ఉప్పునీరు రాక, కలుపు పెరిగి, చేప తగ్గి, 1993లో ప్రమాదంలో ఉన్న నేలల జాబితాకు ఎక్కింది. 2000 సెప్టెంబరులో చిలికా అభివృద్ధి సంస్థ కొత్త ముఖద్వారం తవ్వించింది. సముద్రం మళ్లీ లోపలికి వచ్చింది. 2002లో ఆ జాబితా నుంచి చిలికా పేరు తీసేశారు, అదే ఏడు ఆ సంస్థకు రామ్‌సార్ బహుమతి కూడా వచ్చింది. అంటే పోయిందనుకున్నది పట్టుదల ఉంటే తిరిగి వస్తుంది.

మాట కూడా అంతే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా మన గంజాం మద్రాసు రాజధానిలో భాగం. ఆనాటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల ఇళ్లకు వెళ్లి, వాళ్ల నోటినుంచి మాటలు ఒక్కొక్కటే రాసుకుని, ఆ భాషకు నిఘంటువులు, వ్యాకరణం తయారుచేశారు. పరాయి భాష కోసం ఆయన అంత చేశారు. మన సొంత భాషలో పిట్టల పేర్లు మనకళ్ల ముందే పోతుంటే మనం ఏం చేస్తున్నాం? గూడబాతు, నీటికాకి, గుల్లకొంగ, ఉల్లంకి, లకుముకి, చక్రవాకం - ఈ ఆరింటిలో ఎన్నింటిని మన ఇంటి పిల్లలు వేలు పెట్టి చూపించగలరు? వాళ్లు బడిలో ఒడియా, ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు, మంచిదే. తెలుగు పేరు మాత్రం నాయనమ్మతోనే వెళ్లిపోతోంది. ఆ పేరు కాలికి కడియం వేయడానికి మనం తప్ప ఎవరూ రారు.

అందుకే ఒక చిన్న పని తలపెట్టాం. సభ్యుల ఇళ్లలో అరవై దాటిన పెద్దలు ఎవరున్నా, ముఖ్యంగా సముద్రపు ఒడ్డు ఊళ్లవాళ్లు, పొలం పనులు చేసినవాళ్లు ఉంటే, వాళ్లకు తెలిసిన పిట్టల పేర్లు వాళ్ల యాసలోనే రాసి సంఘానికి పంపండి. పిట్ట రంగు, ఏ నెలలో కనపడేది, ఏం తినేది కూడా రాయండి. శాస్త్రీయ నామం మీకు తెలియక్కర లేదు, దాన్ని తర్వాత పోల్చుకోవచ్చు. చెప్పినవాళ్ల పేరు మాత్రం తప్పకుండా రాయండి. జెర్డన్ పుస్తకంలో జరిగినట్టు మాట మిగిలి మనిషి పేరు పోకూడదు.

ఎప్పుడైనా ఏ కాలువ గట్టునైనా, చేపల బజారులోనైనా పిట్ట కాలికి కడియం కనిపిస్తే, నంబరు రాసుకుని, ఫొటో తీసి, చూసిన చోటు, తేదీ బాంబే సొసైటీకి తెలియజేయండి. బతికున్న పిట్ట కడియం ఊడదీయకండి. దాన్ని పట్టుకోవడానికి వెంటపడకండి.

చూడాలనుకున్నవాళ్లకు ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి. రంభ, బర్కుల్, బాలుగావ్‌ల నుంచి పడవలు దొరుకుతాయి. తెల్లవారకముందే బయల్దేరితే ఎండ ఎక్కేలోగా నళబణ పక్కకు చేరవచ్చు. పిల్లల్ని, పెద్దల్ని కలిపి తీసుకెళ్లండి. దూరంలో గుంపుగా వాలిన బాతుల్ని చూసి పిల్లలు అవేమిటని అడిగితే, ఫోను తీయకముందు పక్కనున్న ముసలమ్మను అడగమనండి.